ఓ గ్రూపు డబ్బా

మా ఆయనకు డబ్బా కట్టే పని నా చేతిలోంచి పోతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. బొగ్గుబాయికి పోయే మనిషికి పెళ్లాం కట్టే డబ్బా అంటే మా క్వార్టర్లలో చిన్న సంగతి కాదు. మొదటి షిఫ్టుకు తెల్లవారకముందే లేచి, ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో కూర పెట్టి, మూత బిగించి చేతికిస్తే, ఆయన భూమి లోపలికి దిగిపోతాడు. మళ్లీ పైకి వచ్చేదాకా ఆయన దగ్గర నాదంటూ ఉండేది ఆ డబ్బా ఒక్కటే. దాన్ని మా యారాలు గుంజుకుంది, అదీ నెత్తురు పేరు చెప్పి.

యారాలంటే మా మరిది పెళ్లాం. మరిది దుబాయిలో ఉంటాడు. మంథని దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఎందుకుండాలని, బిడ్డను ఇక్కడి బడిలో వేసి మా క్వార్టర్‌లోనే ఉంటోంది. నాకంటే చిన్నది, నాకంటే సన్నది, నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఇవన్నీ ఇక్కడ చెప్పాల్సిన పని లేదు గానీ చెప్పకుండా ఉండలేను.

ఫోన్లో వీడియోలు చూసీ చూసీ, కరీంనగర్‌లో ఎవరో తిండి గురించి సభ పెట్టారంటే బస్సెక్కి పోయింది. తిరిగొచ్చీ రాగానే అందరి బ్లడ్ గ్రూపులు అడిగింది. మా ఆయనది గుర్తింపు కార్డు మీదే ఉంటుంది. నాది కాన్పప్పుడు ఆసుపత్రిలో చెప్పారు.

"బావకూ నాకూ ఒక్కటే గ్రూపక్కా, ఓ. నీదే వేరే ఉన్నది, ఏ" అంది.

ఆ మాట ముల్లులా దిగింది. ఇరవై ఏళ్ల బట్టి కాపురం చేస్తున్నది నేనైతే, ఒక్కటే గ్రూపు వాళ్లదట.

గ్రూపును బట్టి తినాలని ఆమె అక్కడ నేర్చుకొచ్చింది. ఓ వాళ్లు మాంసం, చేపలు తినాలి, పప్పూ గోధుమలూ మానాలి. ఏ వాళ్లు కాయగూరలు తినాలి, మాంసం ముట్టొద్దు. "ఓ గ్రూపోళ్లు ఎనకట ఏటాడి తిన్నోళ్లట. మీ ఏ గ్రూపోళ్లు తర్వాత ఎవుసం నేర్చిన్రట" అని చెప్పింది. మా బాపు పుట్టినప్పటి నుంచీ ఎవుసం చేసినవాడే. బోటి కూర వండితే గిన్నె అడుగు దాకా ఊడ్చి తినేవాడు. ఆయన గ్రూపేమిటో ఎవరూ అడగలేదు.

మా ఆయనకు అప్పటికి కొన్నాళ్లుగా కడుపు ఉబ్బరం. షిఫ్టు నుంచి వచ్చి మంచం మీద వాలిపోయేవాడు. "గా ఉబ్బరం పప్పుతోనే బావా. ఓ గ్రూపోళ్లకు పప్పు పడది" అని యారాలు తేల్చేసింది. నా చేతిలో అన్నిటికంటే బాగా కుదిరేది పప్పే. ఆయన పెళ్లయిన కొత్తలో మెచ్చుకున్నదీ అదే. ఆమె పప్పును అంటే నన్ను అన్నట్టే అయింది.

ఆయన కాదనలేదు. "జర చూద్దాం తియ్యి. పాణం బాగైతె మంచిదే గదా" అన్నాడు. ఆ మరునాటి నుంచి ఓ గ్రూపు డబ్బా ఆమె కట్టింది. ఒకనాడు మటన్, ఒకనాడు ఎండుచేపలు, ఒకనాడు కార్జం వేపుడు. నేను నా ఏ గ్రూపు సొరకాయ ముందు కూర్చుని ఆ వాసన పీల్చేదాన్ని. దవాఖానలో డాక్టరమ్మను అడిగితే నవ్వింది. "గ్రూపు చూసేది నెత్తురు ఎక్కియ్యనీకె. కూర వండనీకె కాదు" అంది. ఇంటికొచ్చి అదే చెప్పాను. "నీకు నచ్చకపోతె చెప్పక్కా, డాక్టరమ్మనెందుకు తెస్తవ్" అని యారాలు నా నోరు మూయించింది. నాకు నచ్చలేదన్నది నిజమే కావడంతో ఇంకా మండింది.

వాళ్లిద్దరి మీద నాకు అనుమానం లేదు. అనుమానమే ఉంటే తిట్టిపోసి తేల్చుకునేదాన్ని. ఇది ఉత్త ఓర్వలేనితనం. ఆమె ఉల్లిగడ్డ కోస్తే ఓర్వలేను, ఉప్పు చూస్తే ఓర్వలేను. "డబ్బ యాది మరువకు బావా" అని గుమ్మం దాకా పోతే అసలే ఓర్వలేను. దానికి తోడు ఆయన పాణం నిజంగానే బాగైంది. ఉబ్బరం తగ్గింది. సాయంత్రాలు కూర్చుని మాట్లాడుతున్నాడు. "ఈ నడుమ పాణం నిమ్మలంగున్నది" అని ఆయన అన్నరోజు నేను వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ చప్పుడయ్యేలా కడిగాను.

మా లైన్‌లో ఆదివారం నాడు నలుగురూ కలిసి మేకను కోయించి పోగులు వేసుకుంటారు. తలా ఒక పోగు. ఒక ఆదివారం మా పోగు తేవడానికి నేను పోయాను. వెనక లైన్ క్వార్టర్ ఆమె ఊరికే నిలబడి చూస్తోంది. వాళ్లది ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర అంచున ఉండే ఊరు. వాళ్లాయన, మా ఆయన ఒకే జట్టులో పనిచేస్తారు.

"నువ్వు పోగు తీసుకోలేదేంది?" అని అడిగాను.

"మాకెందుకు వదినె? మా ఆయన రోజు మీ డబ్బల కూరే తింటుండు గదా. గంత మంచిగ ఎట్ల వండుతరో అని మస్తు మెచ్చుకుంటుండు" అంది.

"మరి మా ఆయన ఏం తింటుండు?"

"మా వరణ్, జొన్నరొట్టె. అన్నకు గదే పడ్డదట. కడుపు తేలికగున్నదంటడట. నేను గూడ రెండు రొట్టెలు ఎక్కువనే పెడుతున్న, ఫికర్ చేయకు."

వరణ్ అంటే వాళ్ల భాషలో పప్పు.

బాయి లోపల జట్టంతా ఒక్కచోట కూర్చుని, డబ్బాలన్నీ నడుమ పెట్టుకుని కలిపి తింటారు. ఇది నాకు తెలియనిది కాదు, మా క్వార్టర్లలో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. తెలిసి కూడా ఇన్నాళ్లూ మా ఇద్దరికీ తట్టలేదు. మేము ఓ అనీ ఏ అనీ చూసి కట్టిన డబ్బా, అక్కడ ఎవరి చేతికి అందితే వాళ్లది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. నేను ఇంట్లో మనిషి మీద ఏడుస్తుంటే, నా మొగుడి ఉబ్బరం తగ్గించింది వెనక లైన్ ఆమె పప్పు. నేను ఏడవాల్సిన మనిషి కూడా నాకు సరిగ్గా దొరకలేదు.

పోగు పట్టుకుని గబగబా ఇంటికి నడిచాను. నాకు కోపం కంటే సంతోషమే ఎక్కువగా ఉంది. యారాలు మొహం ఎలా మాడిపోతుందో చూడాలి, అంతే.

"నీ ఓ గ్రూపు కూర ఎవలు తింటున్నరో ఎరుకనా? ఎనక లైన్ల ఆయన. మీ బావ పప్పు తిని బాగైండు, పప్పు" అన్నాను.

మొహం మాడలేదు. నా చేతిలోంచి సంచీ తీసుకుని, గిన్నెలో మాంసం పోసి, నీళ్లు పోసి కడగడం మొదలుపెట్టింది. కాసేపటికి చేతులు ఆగాయి.

"ఎవలో ఒకలు తిన్నరు గదక్కా" అంది.

నేను పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను.

"మా ఆయనది గూడ ఓ గ్రూపే. దుబాయి పోయేటప్పుడు టెస్టు చేసిన్రు. గా సభకు నేను ఆయన కోసమే పోయిన. నేర్చుకున్న గానీ, ఎవలకు పెట్టాలె? రూమ్‌ల ఎవలు వండింది వాళ్లే తింటరు. నేను వండింది ఆయన తినక ఎన్నేండ్లయిందో." తల ఎత్తకుండానే చెప్పింది. "పొద్దుగాల నువ్వు డబ్బ మూత పెట్టి బావకిస్తుంటే సూడబుద్ధి కాకపోయేది. కండ్లు మండేటియి. గందుకే గుంజుకున్న."

ఓర్వలేనితనమంతా నా ఒక్కదాని సొత్తు అనుకుంటూ తిరిగాను. నాకంటే ముందు నుంచే, నా వెనకే నిలబడి, ఆమె నన్ను ఓర్వలేకపోయింది.

సోమవారం తెల్లవారుజామున పప్పు నేనే వండాను. మా ఆయన అది చూసి ఏమీ అడగలేదు. నిన్నటి మా మాటలు చెవిన పడ్డాయి, అడిగితే వరణ్ సంగతి తీస్తానని ఆయనకు తెలుసు. గిన్నెల్లో అన్నీ సర్ది మూత పెట్టబోతుంటే యారాలు తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో.

"రా, మూత నువ్వు పెట్టు" అన్నాను.

వచ్చింది. మూత పెట్టి, పక్క కొక్కేలు బిగించి, దాని మీద అరచెయ్యి పెట్టి, వేడి తగులుతోందేమో అన్నట్టు కాసేపు అలాగే ఉంచింది. ఇరవై ఏళ్లుగా డబ్బా కడుతున్నాను, నేను ఎన్నడూ అలా చెయ్యి పెట్టలేదు. చూస్తుంటే నాకు మళ్లీ కడుపు మండింది.