మా మామ కట్టిన వేషాలు

మా మేనమామ కొత్తగూడెం బొగ్గుబావిలో ఎలక్ట్రీషియన్. క్వార్టర్లలో మాత్రం అందరూ ఆయన్ని నటుడిగానే ఎరుగుదురు. కుర్రతనంలో ఒకసారి క్లబ్బు నాటకానికి తాత వేషం వేయాల్సిన మనిషి రాకపోతే, జుట్టుకు పౌడరు పట్టించి ఈయన్ని నిలబెట్టారట. ఆ తాత జనానికి నచ్చాడు. అప్పటినుంచి వడ్డీ వ్యాపారి, తాగుబోతు, పోలీసు జవాను, పూజారి, ఎవరు తక్కువైతే ఆ వేషం ఆయనదే. బోనకల్‌లో నటి రైలు అందుకోలేకపోతే మా అమ్మ చీర కట్టుకుని తల్లి వేషం కూడా వేశాడు. ఆయన కొంగు సర్దుకున్న తీరు అచ్చం చనిపోయిన మా అమ్మమ్మది. జనం నవ్వుతుంటే నా పక్కన కూర్చున్న అమ్మ కళ్లు తుడుచుకుంది.

హీరో వేషం ఎందుకు వేయవని ఒకసారి అడిగాను.

"హీరోది ఎప్పుడూ ఒకటే నడక బిడ్డా. నాకు నాటకానికో నడక దొరుకుతది" అన్నాడు.

ఆ నడకల కోసం బస్టాండులోనూ దవాఖానా వరండాలోనూ ఊరికే కూర్చుని మనుషులను చూసేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక ఇంటింటికీ కేబుల్ వచ్చి నాటకాలు తగ్గాయి. ఆ రోజుల్లోనే మలేరియా గురించి అడవి ఊళ్లలో చెప్పే కళాబృందం ఆయన్ని పిలిచింది. భద్రాచలంలో టీచర్ ట్రైనింగ్ చదువుతున్న నన్ను పాటలు పాడడానికి వెంట తీసుకెళ్లాడు. మామది డాక్టరు వేషం. తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపు తగిలించుకుని, జ్వరమొస్తే ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పేవాడు.

చర్ల దాటాక ఒక కోయ గూడెంలో సాయంత్రం ఆడి, అక్కడి బడిలోనే పడుకున్నాం. తెల్లవారాక ఒకామె తన భర్తను మంచం మీద మోయించుకుని వచ్చింది. అతను ఒళ్లెరుగని జ్వరంతో వణుకుతున్నాడు. ఆమె మామకేసి చూస్తూ కోయలో ఏదో చెప్పింది. వెంట వచ్చిన పెద్దాయన దాన్ని తెలుగులో చెప్పాడు.

"నిన్న నువ్వు చెప్పినట్టే జల్దీ తెచ్చినం సారూ. సూది వెయ్యమంటుంది."

మామ మంచం దగ్గరికి వచ్చాడు. "నేను డాక్టర్ను గాదు పెద్దాయనా. అది వేషం. నేను బొగ్గుబాయిల కరెంటు పని జేస్తా."

పెద్దాయన ఆ మాట ఆమెకు చెప్పాడు. ఆమె కోప్పడలేదు, ఏడవలేదు. సూటిగా రెండు ముక్కలు అంది.

"డాక్టర్ యాడుంటే ఆడికి తీస్కపొమ్మంటుంది" అన్నాడు పెద్దాయన.

ఆ పూట మేం వేరే ఊళ్లో ఆడాలి. బృందం పెద్ద గొణుగుతూనే ఉన్నాడు. మామ వినిపించుకోకుండా జీపులోంచి డప్పులు, తెరలు దింపించి రోగిని ఎక్కించాడు. భద్రాచలం దాకా అతని తలను తన ఒడిలోనే పెట్టుకున్నాడు. దవాఖానాలో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, ఇంకొంచెం ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదంది. మనిషి దక్కాడు.

ఆ తర్వాత మామ నాటికను మార్చేశాడు. చివర్లో కోటు విప్పి, తాను డాక్టరును కానని, అసలు డాక్టరు ఎక్కడుంటారో, అక్కడికి ఏ బస్సు పోతుందో చెప్పేవాడు. రక్తి పోతోందని బృందం పెద్ద ఎంత చెప్పినా వినలేదు. డాక్టరు పాత్ర తీరు కూడా మారింది. అంతకుముందు గొంతు పెంచి ఉపన్యాసం ఇచ్చేవాడు. ఇప్పుడు ముందు రోగి నుదురు ముట్టుకుని, ఆ తర్వాతే మాట్లాడేవాడు.

కొన్నాళ్లకు హైదరాబాద్ సీరియల్‌లో వంటవాడి వేషం దొరికింది. సెలవు పెట్టి వెళ్లాడు. మేమంతా టీవీ ముందు చేరాం. మామ వచ్చాడు, కాఫీ కప్పులు పెట్టాడు, వెళ్లిపోయాడు. "గంతేనా?" అంది అత్త. కథలో ఆ ఇంటివాళ్లు దివాలా తీసి వంటవాణ్ని మాన్పించడంతో మామ తిరిగొచ్చి డ్యూటీలో చేరాడు.

ఆ ఎండాకాలం ఏన్కూరు నాటక పోటీల్లో గుడ్డివాడి వేషం వేసి ఉత్తమ క్యారెక్టర్ నటుడి బహుమతి తెచ్చుకున్నాడు. నాటకం అయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒకాయన మామ చేయి పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దింపాడు. మామ వద్దనలేదు. కిందికి దిగాక ఆయన కళ్లలోకి చూసి నమస్కారం పెట్టాడు.