దర్జీ చేసిన ఇంజను

వైరింగు మేస్త్రికి జాగ్రత్త పాలు ఎక్కువ. ఎవరింట్లో పని చేసినా, మెయిన్ స్విచ్చు వేసే ముందు ఇంటిల్లిపాదినీ వాకిట్లో నిలబెట్టేవాడు. అలాంటి మనిషికి యాభై దాటాక బొమ్మ రైళ్ల పిచ్చి పట్టింది. అంటించినవాడు అక్క మొగుడు, దర్జీ. ఇద్దరూ కలిసి మేస్త్రి ఇంటి మేడ గది నిండా పట్టాలు పరిచారు.

ఆ పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. రిమోటులో ఏ నంబరు నొక్కితే ఆ ఇంజనే కదులుతుంది. చిక్కల్లా, ఏ మూలన ఒక్క చక్రం పట్టాలు తప్పి షార్టయినా రైళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. అందుకని మేస్త్రి పట్టాలను భాగాలు చేసి, భాగానికో బ్రేకరు పెట్టాడు. ఎంత కరెంటు దాటితే బ్రేకరు పడిపోయి ఆపెయ్యాలో ఒక చిన్న స్క్రూ తిప్పి చెప్పాలి. దాన్ని అన్నిటికంటే తక్కువలో పెట్టి చేతులు దులుపుకున్నాడు.

దర్జీ ఆ రోజుల్లో సొంతంగా ఇంజను చేస్తున్నాడు. ఇత్తడి రేకు కత్తిరించి, అంచులు అతికించి, లోపల కూత పెట్టే చిప్పు అమర్చాడు. నా జాకెట్టుకు రెండు కుట్లు వెయ్యడానికి తీరదు గానీ, అని అక్క సణుగుతూనే ఉండేది. తీరా తెచ్చి పట్టాల మీద పెట్టగానే బ్రేకరు టక్కున పడిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ అంతే.

"నీ ఇంజన్లోనే ఏదో ఉంది బావా. విప్పి చూసుకో," అన్నాడు మేస్త్రి. బ్రేకరు వంక కన్నెత్తి చూడలేదు. తను పెట్టింది కదా మరి.

దర్జీ విప్పి తీగలు మార్చి తెచ్చాడు. పడిపోయింది. మోటారు మార్చాడు. అప్పుడూ పడిపోయింది. ఆ రోజు రైళ్లు చూడటానికి నలుగురు వచ్చి ఉన్నారు. "బావ కుట్టింది కదా, ఎక్కడో బొత్తాం ఊడి ఉంటుంది," అని మేస్త్రి వాళ్లను నవ్వించాడు. దర్జీ కూడా నవ్వాడు. ఆ తర్వాత ఆ మేడ ఎక్కలేదు. అడిగితే మోకాళ్ల నొప్పులనేవాడు.

చాన్నాళ్లకు మేస్త్రి కూత పెట్టే ఇంజను కొనుక్కున్నాడు. పెట్టెలోంచి తీసి పట్టాల మీద పెట్టాడో లేదో, బ్రేకరు పడిపోయింది. ఈసారి తిన్నగా బ్రేకరు దగ్గరికే వెళ్లాడు. తనదైతే మనిషికి ఎంత నమ్మకమో చూడండి. కూత ఇంజన్లు మొదలయ్యేటప్పుడు ఒక్క గుక్కలో కరెంటు ఎక్కువ లాగుతాయి. బ్రేకరు దాన్నే షార్టనుకుంటోంది. స్క్రూ కాస్త తిప్పాడు, ఇంజను హాయిగా కదిలింది. మేస్త్రి మాత్రం ఈ పాటి పని బావ కోసం చెయ్యలేకపోయానే అని కుమిలిపోయాడు.

వెంటనే అక్కా వాళ్లింటికి వెళ్లాడు. దర్జీకి చేతులు వణుకుతున్నాయని కుట్టు మిషను మూలన పడి ఉంది.

"బావా, ఆ ఇంజను ఇలా ఇవ్వు. దాని తప్పేం లేదు. తప్పు నా బ్రేకరుది. కాదు, నాదే."

దర్జీ డబ్బా తెమ్మని భార్యకు చెప్పాడు. అందులో ఉన్నది ఇంజను కాదు, ముక్కలు. తెగిన తీగలు, ఊడిన చక్రాలు, లేని తప్పు కోసం గీకి గీకి పాడుచేసిన చిప్పు.

"నేను బాగుచేస్తా బావా."

"ఇంక అతకదులేరా."

దర్జీ డబ్బాలోంచి ఇంజను ఇత్తడి పెంకు తీసి వేళ్ల మధ్య పట్టుకుని భార్య వైపు తిరిగాడు.

"విన్నావా? మొదటి రోజే బాగుందట. నేను బాగానే చేశాను."