దొడ్డి తలుపు తీసిన సోమవారం

విల్ఫ్ గిట్టిన్స్‌కి ఇల్లు ఉద్యోగంతో పాటు వచ్చింది. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. ఉద్యోగం తుపాకి లైసెన్సు మీద ఆధారపడి ఉంది, ఆ లైసెన్సేమో పోలీసుల చేతిలో ఉంది. ముప్పై ఒక్కేళ్లుగా మా ష్రాప్‌షైర్ కొండల్లో ఎస్టేటు వారు వేట కోసం పెంచే ఫెజంట్ అడవికోళ్లని కాస్తున్న మనిషి బతుకు ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉందని మాకెవరికీ ఎప్పుడూ తట్టలేదు. అతనికీ తట్టలేదనుకుంటాను.

నేను వాళ్ల పక్కింటిదాన్ని. పేరు ఎనిడ్ బెబ్. చలికాలం వేట రోజుల్లో సిటీ నుంచి వచ్చిన తుపాకి బాబులు కొట్టిన పక్షుల్ని నా కుక్కల చేత ఏరించి తెస్తాను. నాకు నోరు కాస్త ఎక్కువని ఊళ్లో పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

విల్ఫ్‌కి నోరే లేదు. గురువారం సాయంత్రం పబ్బుకి వచ్చి అర గ్లాసు బీరు తాగి, వాన గురించి రెండు మాటలు చెప్పి వెళ్లిపోయేవాడు. అతని భార్య గ్లెనిస్, ఈయన నాతో కంటే కోళ్లతోనే ఎక్కువ మాట్లాడతాడని దెప్పేది. అది నిజమే. జూలైలో ఏడు వారాల కోడిపిల్లలు లారీలో వచ్చేవి. రెండు వేలు. అడవి మధ్యలో చుట్టూ ఎత్తుగా వల కట్టి, పైన ఆకాశానికి వదిలేసిన దొడ్డిలో వాటిని పెట్టేవాడు. మూడు వారాలు పోయాక దొడ్డి అడుగున ఉన్న చిన్న తలుపులు తీసేవాడు. అవి అడవిలోకి నడుచుకుంటూ వెళ్లిపోయేవి.

తలుపు తీశాకే అతని అసలు పని మొదలు. పొద్దున్నే గోధుమల బస్తా భుజాన వేసుకుని ఈల వేస్తూ అడవి బాట పొడుగునా చల్లుకుంటూ పోయేవాడు. సాయంత్రం కుక్కని తీసుకుని, రోడ్డు వైపు దారి తప్పిన వాటిని మెల్లిగా వెనక్కి మళ్లించేవాడు. నవంబరులో తుపాకులు వచ్చేదాకా అవి అతని పిల్లలే. అలాగే అనేవాడు కూడా, మా పిల్లలు అని.

చట్టం అలా అనదు. దొడ్డిలో ఉన్నంత కాలం అవి గొర్రెల్లాగా పెంపుడు జీవాలు. తలుపు దాటి అడవిలోకి వదిలేశాక అవి అడవి పక్షులు, ఎవరివీ కావు. ఈ సంగతి విల్ఫ్‌కి తెలియదని కాదు. ఏదో మీటింగులో చెప్పారట. విన్నాడు, తలూపాడు, వచ్చి కోళ్లకి గింజలు వేశాడు.

పోయినేడు గద్దలు వచ్చిపడ్డాయి. ఒక జంట. దొడ్డి పక్క చెట్టు మీద కూర్చుని, రోజుకి మూడో నాలుగో పిల్లల్ని ఎత్తుకుపోయాయి. మా దగ్గర గద్దని ముట్టుకోవడానికి లేదు. విల్ఫ్ రేకు పళ్లేలు కట్టాడు, రేడియో పెట్టాడు, తన పాత కోటుని కర్రకి తొడిగి నిలబెట్టాడు. గద్దలు ఆ కోటు మీదే కూర్చున్నాయి. అందుకని ఈ ఏడు మార్చి నుంచే ప్రభుత్వానికి అర్జీలు పెట్టాడు, ఫొటోలు పంపాడు, వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. జూలైలో కాగితం వచ్చింది. ఫలానా మనిషి, ఫలానా దొడ్డి దగ్గర, రెండు గద్దల్ని, ఆగస్టు ఇరవై లోపు కాల్చవచ్చు.

ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నాకు చూపించడానికి తెచ్చాడు. నేను రెండు అన్న అంకె చదివాను, ఇరవై అన్న తేదీ చదివాను. అతనూ అవే చదివాడు. చివర చిన్న అక్షరాల పేరా ఒకటుంది. దాన్ని మేమిద్దరం చదవలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆగస్టు మొదట్లో ఎండలు మండిపోయాయి. ఇరుకులో కోళ్లు ఒకదాని వీపు ఒకటి పొడుచుకుని నెత్తురు తీస్తున్నాయి. విల్ఫ్ చూడలేకపోయాడు. ఎనిమిది రోజులు ముందుగానే, మూడో తారీకు సోమవారం పొద్దున తలుపులన్నీ తీసేశాడు. బుధవారం పొద్దున అడవి బాట మీద గింజలు తింటున్న పిల్లని గద్ద తన్నింది. విల్ఫ్ కాల్చాడు. ఒక్కటే చప్పుడు, నేను టీ తాగుతూ విన్నాను. ఆ మధ్యాహ్నమే ఫారం నింపి, బుధవారం ఒక గద్దని కాల్చానని రాసి, సంతకం పెట్టి పోస్టు చేశాడు. కాగితం అలాగే చెయ్యమంది మరి.

తర్వాతి వారం అడవి పక్కన ఒక బూడిద రంగు కారు ఆగడం మొదలైంది. అందులో మనిషి దిగేవాడు కాదు. బైనాక్యులర్స్ పెట్టుకుని చూసేవాడు. నేను ఎదురుగా వెళ్లి నమస్కారం పెడితే అద్దం ఎక్కించాడు. పోస్టుమాన్‌ని మాత్రం ఆ అడవి పేరేమిటని అడిగాడట. విల్ఫ్‌కి చెప్తే, చూసుకోనీ, దాచేదేముందన్నాడు. రెండు రోజులకి కారు రావడం ఆగిపోయింది. అది వచ్చినప్పటి కంటే రానప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది.

ఆ తర్వాత విల్ఫ్ గురువారాలు పబ్బుకి రాలేదు. ఆ కారు మనిషి మాట మీద పోలీసులు అతన్ని పిలిపించి తలుపులు ఏ రోజు తీశావని అడిగారనీ, ఎస్టేటు వకీలు నోరు విప్పొద్దన్నాడనీ అప్పటికి నాకు తెలియదు. డైరీ రాసే అలవాటు విల్ఫ్‌కి లేదు. తలుపులు తీసిన రోజు ఏ కాగితం మీదా లేదు.

ఆగస్టు చివర్లో ఒక కానిస్టేబుల్ అమ్మాయి మా ఇంటికొచ్చింది. మర్యాదస్తురాలు. బూట్లు వాకిట్లో విప్పింది, నా కుక్కల్ని నిమిరింది, ప్లమ్ కేకు తింది. విల్ఫ్ గిట్టిన్స్ కోళ్ల గురించి నాలుగు మాటలు అడగాలంది. ఊరికి కొత్తగా వచ్చిన వాళ్లెవరో, కోళ్లని హింసిస్తున్నాడని ఉత్తరం రాసి ఉంటారనుకున్నాను. ఏటా ఎవరో ఒకరు రాస్తారు. నాకు ఒళ్లు మండింది.

"విల్ఫ్ వాటిని ఎలా చూసుకుంటాడో నీకేం తెలుసు తల్లీ. బయటికి వదిలిన సాయంత్రం నేను కంచె దగ్గర నిలబడి చూశాను. ఈల వేస్తే అడవి అడవంతా కదిలి అతని కాళ్ల దగ్గరికి వచ్చింది. కన్నపిల్లలు కూడా అలా రారు."

"అది ఏ రోజండీ?"

"మూడో తారీకు, సోమవారం. మా చెల్లెలి పుట్టినరోజు. ఫోన్ చేసి దానికి కూడా చెప్పాను."

"దొడ్డిలో ఏమన్నా మిగిలాయా?"

"ఒక్కటీ లేదు. దొడ్డంతా ఖాళీ. విల్ఫ్ పని అంటే అలా ఉంటుంది."

ఆ అమ్మాయి అంతా నెమ్మదిగా రాసుకుంది. చదివి వినిపించింది. నేను గర్వంగా సంతకం పెట్టాను. తర్వాత ఆమె నా మొహం చూడలేదు, మిగిలిన కేకు ముట్టలేదు. ఇంతకీ సంగతేమిటని నేనే అడిగాను. అప్పుడు చెప్పింది, కాగితంలో ఆఖరి పేరా గురించి. పక్షులు దొడ్డిలో ఉన్నంత కాలమే ఆ అనుమతి. సోమవారమే వాటిని వదిలేస్తే, బుధవారం గద్ద తన్నింది అడవి పక్షిని. దాని కోసం గద్దని కాల్చడం నేరం.

అవి ఇంకా అతని చేతి గింజలే తింటున్నాయని అరిచాను. దారి తప్పితే అతనే ఇంటికి తోలుకొస్తున్నాడన్నాను.

"మీరు చెప్పేది నాకు అర్థమైందండీ. ఈ కాగితానికి తలుపే లెక్క," అంది.

నేను తిన్నగా విల్ఫ్ దగ్గరికి వెళ్లాను. వాకిట్లో మేత డబ్బా బాగుచేస్తున్నాడు. ఆ అమ్మాయితో అన్నదంతా చెప్పాను, ఏడ్చాను కూడా. అతను చేతిలో స్క్రూ బిగించడం పూర్తి చేశాడు.

"సోమవారమే కదా తీసింది. నువ్వు లేనిదేం చెప్పలేదు," అన్నాడు.

మర్నాడు పోలీసులు వచ్చి తుపాకులు పట్టుకెళ్లారు. కేసు తేలేదాకా అడవిలోకి వెళ్లవద్దని ఎస్టేటు వాళ్లు ఉత్తరం పంపారు. గ్లెనిస్ అప్పుడే పళ్లేలు పాత పేపర్లలో చుట్టి పెట్టెలకెత్తుతోంది. వీధిలో నేను ఎదురైతే అవతలి పక్కకి దాటుతుంది. ఆమెని తప్పుపట్టను.

నిన్న నాకు సమన్లు వచ్చాయి. ఫలానా మంగళవారం సాక్షిగా వచ్చి, ఆ సోమవారం సాయంత్రం చూసింది కోర్టులో అందరి ముందూ మళ్లీ చెప్పాలి. అబద్ధం చెప్పమని విల్ఫ్ అడిగితే చెప్పేదాన్నేమో. అడుగుతాడని రాత్రంతా ఎదురుచూశాను. పొద్దున్నే తలుపు కొట్టాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మంగళవారాలు టౌనుకి బస్సు లేదు కదా, ఎనిడ్. కోర్టుకి నా కార్లో రా. ఎనిమిదిన్నరకి హారన్ కొడతాను."

సరేనన్నాను.