లాల్ అహ్మద్ అనని మాట

చోడవరంలో లాల్ అహ్మద్ గొంతు తెలియని ఇల్లు లేదు. కె.కోటపాడు బడిలో ఐదో తరగతితో ఆయన చదువు ఆగిపోయింది. అయితేనేం, క్లాసులో పేపరు చదవాలంటే మాస్టారు నిలబెట్టేది ఆయననే. ఆ గొంతే తర్వాత అన్నం పెట్టింది. రిక్షాకి మైకు కట్టించుకుని సినిమా హాళ్లకీ, సర్కసులకీ, చీరల కొట్లకీ ప్రచారం చేశాడు. వడ్డాది సంతలో ఆయన మైకు పట్టుకుంటే బేరాలు ఆపి మరీ విన్నారు. తుపాను వస్తోందని ఊరూరా తిరిగి చెప్పిందీ, జాతరలో తప్పిపోయిన పిల్లల్ని తల్లుల దగ్గరికి చేర్చిందీ ఆ గొంతే. ఇవన్నీ ఆయన చెప్పుకుంటాడు, అడిగినా అడక్కపోయినా. చేసినవాడు చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు?

ఆయన పనికి ఒకటే పద్ధతి. పొయ్యి దగ్గరున్న ఇల్లాలు చెయ్యి తుడుచుకుని గుమ్మంలోకి వచ్చేసరికి రిక్షా దాటిపోతుంది. ఆలోపే ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడూ ఆవిడ చెవిన పడాలి. నాలుగోది చెప్పకూడదు. అంతకంటే పెద్ద నియమం ఇంకొకటి ఉంది. ఒకసారి ఒక హాలు యజమాని, సినిమా ఇంకో వారం ఆడబోతున్నా, "నేడే ఆఖరు అని అరిచీయి" అన్నాడు. లాల్ అహ్మద్ రిక్షా దిగి, మైకు విప్పి, ఆ హాలు గుమ్మంలోనే పెట్టేసి నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు. అందుకే చోడవరంలో ఆయన "ఆఖరు" అన్నాడంటే ఆఖరే.

అలాంటి మనిషి పేరు మీద 1999లో గౌరీశంకర్ అలాంటి అబద్ధమే రాయించాడు.

గౌరీశంకర్‌ది చెరుకురసం మిషన్లు తయారుచేసే షెడ్డు. బయట ఊళ్ల నుంచి కూడా కొనేవాళ్లు రావాలని విశాఖపట్నంలో ఒక ఆఫీసు చేత ఇంటర్నెట్టు పేజీ చేయించుకుంటున్నాడు. ఆ ఆఫీసులో పేజీలు తయారుచేసేది లాల్ అహ్మద్ మేనకోడలు మదీహా. ఒక ఆదివారం ఆ పిల్ల చోడవరం వచ్చి మేనమామ దగ్గర తల పట్టుకుంది.

"ఆయన కోరికలకి అంతు లేదు మామూ. పైన వాళ్ల తాతగారి ఫోటో, దాని కింద దేవుడు, దాని కింద రిబ్బను కత్తిరిస్తున్న ఫోటో, చుట్టూ తిరిగే అక్షరాలు. టెలిఫోను లైను మీద ఫోటో చాప విప్పినట్టు మెల్లగా దిగుతుంది. తాతగారి తలపాగా దిగేసరికే కొనేవాడు లేచి పోతాడు. మిషను ఇంకా అడుగునెక్కడో ఉంది!"

లాల్ అహ్మద్ పకపకా నవ్వాడు. "రిక్షా దాటిపోయినాక సెప్పినట్టే. నేను రాసిస్తాను, పట్టు బేటీ."

రాసి ఇచ్చింది ఇంతే: "చోడవరంలో తయారైన చెరుకురసం మిషను. వచ్చి, మీ చేత్తో తిప్పి చూసుకోండి. నచ్చితేనే తీసుకెళ్లండి. ముందు ఈ నంబరుకి ఫోను చెయ్యండి." పైన మిషను బొమ్మ ఒక్కటి, కింద ఫోను నంబరు పెద్దక్షరాల్లో. గౌరీశంకర్‌కి అది నచ్చింది. నచ్చడమే కాదు, "మీ పేరు లేకపోతే ఎలా లాల్ భాయ్?" అని కింద 'ఇట్లు, చోడవరం లాల్ అహ్మద్' అని వేయించాడు. తన పేరు దేశమంతా కనబడుతోందని లాల్ అహ్మద్ టీ కొట్టులో ఎందరికి చెప్పాడో లెక్క లేదు.

వేసవి మొదట్లో ఒక ఉదయం ఆయన అదే టీ కొట్టులో కూర్చుని ఉండగా బస్సు దిగిన ఒక మనిషి వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితం. పేరు పరదేశి, పలాస అవతల పల్లె. విశాఖపట్నంలో ఉన్న బావమరిది ఆ పేజీ ప్రింటు తీసి నిన్న బస్సులో పంపాడట.

"లాల్ అహ్మద్ అంటే మీరేనా బాబూ? అమ్మయ్య! అయిపోలేదు కదా?"

"ఏటి అయిపోడం?"

పరదేశి కాగితం విప్పాడు. లాల్ అహ్మద్ రాసిన మాటల కింద, ఆయన పేరుకి సరిగ్గా పైన, ఎర్రగా ఇంకో వరుస ఉంది. 'ఐదు మిషన్లే మిగిలాయి. మూడు రోజులే గడువు. త్వరపడండి.'

"ఇయ్యాల మా ఊళ్లోనే మా సెల్లి కొడుక్కి పుట్టెంట్రుకలు తీస్తన్నారు బాబూ," అన్నాడు పరదేశి. "మేనమామని నేనొక్కణ్ణే. నా ఒళ్లో కూకోబెట్టి తియ్యాల. మూడు రోజులే అంటే ఏటి సేసేది? రాత్రి బస్సెక్కీసేను. మా సెల్లి ఒకటే ఏడుపు. ఈపాటికి ఆళ్ల తాత ఒళ్లో కూకోబెట్టీసుంటారు."

లాల్ అహ్మద్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. వెంటనే అతణ్ణి షెడ్డుకి తీసుకెళ్లాడు. అక్కడ గోడ వారన అంతా మిషన్లే. వెనక వరుసకి దుమ్ము కూడా పట్టింది. పరదేశి ఒక మిషను మీద వేలు రాసి, ఆ వేలు చూసుకున్నాడు.

"ఐదన్నారు కదా బాబూ?" అన్నాడు, గౌరీశంకర్ వైపు కాదు, లాల్ అహ్మద్ వైపు చూసి. బతిమాలినా ఆగలేదు. తన ఊళ్లో పక్కింటి కొట్టు ఫోను నంబరు మాత్రం ఇచ్చి బస్సుకి వెళ్లిపోయాడు.

లాల్ అహ్మద్ షెడ్డు మధ్యలో నిలబడ్డాడు. "ఒరే శంకరం! నా పేరు మీద ఆ మాటెవడు రాసేడు?"

"యాపారం లాల్ భాయ్! తొందర పెట్టకపోతే ఎవుడు కొంటాడు? అందరూ రాస్తన్నారు."

"రాసుకోమను! ఎవుడి పేరు మీద ఆడు రాసుకోమను! నీ అబద్ధానికి నా సంతకం ఏట్రా?"

"అంత కోపమెందుకు? సరే, మీ పేరు తీయించీస్తాను. సరిపోయిందా?"

"తీసీస్తే? ఇప్పటికే సూసినోడికి ఎవుడు సెప్తాడు? ఆ పరదేశి మళ్లీ మేనమామ అవుతాడా?"

గౌరీశంకర్ పనివాళ్ల వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వే లాల్ అహ్మద్‌ని మండించింది. తిన్నగా సన్యాసమ్మ ఎస్టీడీ బూత్‌కి పోయి మేనకోడలికి ఫోను కలిపాడు.

"ఆయనే ఫోను చేసి వెయ్యమన్నారు మామూ," అంది మదీహా. "అది మీరు చెప్పిన మాటేనన్నారు."

"నమ్మీసేవా బేటీ? నా ఇంటి పిల్లవి, నువ్వూ నమ్మీసేవా?"

ఆ పిల్ల మెల్లగా అంది: "ఆయన లైను నేను తియ్యలేను, ఆ పేజీ ఆయనది. కానీ పేరు మీది. మీ పేరు దగ్గర ఏం ఉండాలో చెప్పండి. వేస్తాను."

ఆయన చెప్పాడు. మర్నాటి నుంచి ఆ ఎర్ర వరుస కిందే ఇంకో వరుస కనబడింది: 'ఐదూ, మూడు రోజులూ అన్నది నా మాట కాదు. షెడ్డు నిండా మిషన్లున్నాయి. ఇంట్లో శుభకార్యాలు చూసుకుని తీరిగ్గా రండి. ఇట్లు, చోడవరం లాల్ అహ్మద్.'

వారం తిరక్కుండానే గౌరీశంకర్ ఆయన ఇంటి ముందు స్కూటరు ఆపాడు. మొహం కందగడ్డలా ఉంది.

"పరువు తీసీసేరు కదా! ఫోను సేసిన ప్రతివోడూ నవ్వుతన్నాడు. ఐదా, షెడ్డు నిండానా, ముందు మీరూ మీరూ తేల్చుకోండి అంటన్నాడు!"

"తేల్చు మరి."

"నాది తీయించీస్తాను. మీదీ తీయించండి."

"తీయిస్తాను. ముందు పరదేశికి ఫోను సేసి సెప్పు."

"నేనా? ఆడికా?"

"నా నోట్లోంచి ఇన్నానని కదా ఆడు వచ్చేడు. కాదని నీ నోట్లోంచే ఇనాల."

వాకిట్లో చాలాసేపు వాదన నడిచింది. లాల్ అహ్మద్ కుర్చీలోంచి కదల్లేదు. చివరికి గౌరీశంకరే స్కూటరు తిప్పి, "ఎక్కండి" అన్నాడు.

బూత్‌లో పలాస లైను కలిసింది కానీ గరగరమంటోంది. కొట్టువాడు వెళ్లి పరదేశిని పిలుచుకొచ్చాడు. గౌరీశంకర్ గాజు తలుపు బిగించుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గొణిగాడు. అటు నుంచి "ఏటి బాబూ? ఇనపడ్లేదు!" అన్న కేక రిసీవరు దాటి బయటికి వచ్చింది.

"గట్టిగా సెప్పాల బాబూ," అంది సన్యాసమ్మ కౌంటరు దగ్గర నుంచి. "ఆ లైనెప్పుడూ అంతే. తలుపు తీసుకోండి, ఉక్కగా ఉంటాది."

ఆవిడే లేచి తలుపు బార్లా తీసింది. గౌరీశంకర్ చెమట తుడుచుకుని అరిచాడు.

"అబద్ధం అంటన్నాను! ఐదన్నది అబద్ధం!"

"ఎవరూ?"

"నేను! నేను అబద్ధమాడేను! లాల్ అహ్మద్ కాదు!"

రోడ్డు మీద పోయే సైకిలు ఒకటి ఆగింది. ఎదుటి కొట్టులోవాళ్లు బయటికి వచ్చారు. గౌరీశంకర్ రిసీవరు పెట్టేయబోయాడు.

"ఉండు," అన్నాడు లాల్ అహ్మద్, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "పుట్టెంట్రుకల సంగతి మిగిలింది. ఆ సెల్లిని పిలవమను. ఆవిడికీ సెప్పు."