పంట్లో పోసిన స్లాబు

మార్కాపురంలోని మా దంత వైద్యశాలకు ఒక గొర్రెల కాపరి ఎనిమిదేళ్ళ మనవరాలిని తీసుకొచ్చాడు. ఏడాది కిందట పొట్టేలు కుమ్మడంతో పాప పైవరుస ముందు పన్ను సగం విరిగింది. ఇప్పుడు దాని పైన చిగుళ్ళ మీద చీముపొక్కు లేచింది.

"పీకెయ్యి డాక్టరమ్మా. పాలపన్నే గదా, మళ్ళా వస్తాది."

అది పాలపన్ను కాదని చెప్పి ఎక్స్‌రే చూపించాను. ఆ వయసులో పన్ను బయటికి వచ్చినా వేరు పూర్తికాదు. కొన మూసుకోక గొట్టంలా తెరిచే ఉంటుంది. లోపలి నరం చచ్చిపోతే పెరుగుదల అక్కడితో ఆగుతుంది. రూట్ కెనాల్‌లో నింపే పదార్థం అడుగులేని గొట్టంలో నిలవదు. ముందు అడుగు కట్టాలి.

ఆయనకు తలకెక్కలేదు. గొర్రె వయసును పళ్ళు చూసి చెప్పే మనిషి కదా అని ఆ దారిలో వెళ్ళాను.

"పాలపళ్ళు రాలి రెండు పళ్ళేసిన గొర్రెకు ఆ పన్ను ఊడితే మళ్ళీ వస్తుందా తాతా?"

"రాదు," అన్నాడు నిదానంగా. "అయినా గొర్రెకు పైన ముందర పండ్లే ఉండవు గదమ్మా. మేత మేస్తాలేదా?"

దీనికి జవాబు పాప దగ్గర ఉంది.

"నేనేమన్నా గొర్రెనా తాతా? బళ్ళో ఇప్పటికే తొర్రిదంటా ఉండారు."

ఆయన ఒప్పుకున్నాడు. వేరుకాలువ కడిగి, మందు పెట్టి, వారానికి రమ్మన్నాను.

వారం తర్వాత వాళ్ళు వచ్చేసరికి కొత్త చిక్కు. మర్నాడు తెల్లారేసరికి మంద మేతకు దోర్నాల దారి పట్టాలి. ఆయన వెళ్తే పాపను తెచ్చేవారు లేరు. అడుగు కట్టడానికి వేరు కొనలో నాలుగు మిల్లీమీటర్ల మందాన పళ్ళకు వాడే సిమెంటు కూర్చాను. అది గట్టిపడిందని మర్నాడు చూసుకుంటే గాని పైన నింపను.

"సిమెంటా? అయితే నీళ్ళు కొట్టాల గదా."

ఈసారి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ సిమెంటు తడిలోనే గట్టిపడుతుంది. దానిపై తడి దూది ఉంచి తాత్కాలికంగా మూశాను. ఆయన అది చూసి కొడుక్కి ఫోన్ చేశాడు.

"మందను ఒక దినం ఆపుకోరా. పాప పంట్లో స్లాబు పోసినారు, గట్టిపడాల. ఏంది నవ్వుతావు?"

మర్నాడు దూది తీసి పరికరం కొనతో తట్టాను. గట్టిగా తగిలింది, కొన దిగలేదు. పైన నింపి, విరిగిన సగాన్ని పన్ను రంగు పదార్థంతో కట్టాను. వేరు గోడలు పలచన కనుక చెరుకు ఆ పంటితో కొరకవద్దని చెప్పాను.

పాప అద్దం ముందు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. బస్సుకు టైమైందని తాత రెండుసార్లు పిలిచినా కదల్లేదు.