రామమందిరం ముందు తొక్కుడుబిళ్ల

కళింగపట్నం వెళ్లే రోడ్డు మీంచి లోపలికి తిరిగితే తవిటమ్మ వాళ్ల ఊరు. వరి, మొక్కజొన్న పండించే ఊరు. ఊరి మధ్య రామమందిరం, దాని ముందు సిమెంటు రోడ్డు, పక్కనే మగవాళ్లు పేకాడుకునే అరుగు. ఊరి కోడళ్లెవరూ ఆ అరుగు ముందు నుంచి నడిచేవారు కాదు. మరీ తప్పకపోతే చెప్పులు చేత్తో పట్టుకుని, తల వంచుకుని గబగబా దాటేవారు. కుళాయికి వెళ్లాలంటే ఇళ్ల వెనక సందులోంచి, పెంటకుప్పల పక్కనుంచి వెళ్లడమే. తవిటమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ అలాగే వెళ్లింది.

కిందటేడు వానల్లో ఆమె కోడలు శ్రావణి నీళ్ల బిందెతో ఆ సందులో జారిపడింది. మణికట్టు విరిగింది. శ్రీకాకుళం తీసుకెళ్లి కట్టు కట్టించి తెచ్చారు. ఆ సాయంత్రమే తవిటమ్మ అరుగు దగ్గరికి వెళ్లి, కాస్త దూరంగా నిలబడింది. ఆమె బావగారు అప్పలసూరి పేకముక్కలు పంచుతున్నాడు. ఊళ్లో నలుగురూ ఆయన మాట వింటారు.

"బావా, ఆడోళ్లు ఇటు ముందు నుంచే నీళ్లకెల్తారు. అందరికీ నువ్వో మాట సెప్పు," అంది.

అప్పలసూరి తెల్లబోయాడు. "ఎల్లొద్దని ఎవలన్నారు? మీరే రారు."

ఆ మాట నిజమే. వద్దన్నవాడుంటే వాడితో దెబ్బలాడవచ్చు. ఎవరూ వద్దనకపోతే ఎవరితో దెబ్బలాడాలి? చుట్టుపక్కల కోడళ్లను పిలిచి చెబితే అందరూ తలూపారు. మర్నాడు అందరూ వెనక సందులోంచే నీళ్లకు వెళ్లారు. తవిటమ్మ కూడా.

కొన్నాళ్లకు శ్రావణి ఇంట్లో తోచక పెరట్లో గళ్లు గీసుకుని, ఒంటికాలి మీద గెంతుతూ తొక్కుడుబిళ్ల ఆడుతోంది.

"ఆ సెయ్యి కూడా ఇరగ్గొట్టుకుంటావేటే?" అని తవిటమ్మ కేకలేసి, పెంకుముక్క లాక్కుంది. లాక్కున్నది కాస్తా గడిలోకి విసిరింది. కుచ్చెళ్లు ఎగదోపి గెంతింది. గోడ అవతలివాళ్లు చూస్తారేమోనన్న ఆలోచనే రాలేదామెకు. ఆట అయ్యాక కూర్చుని, ఆటలో పడితే సిగ్గు గుర్తే రాలేదేమిటా అని ఆలోచించింది.

ఆదివారం పొద్దున్నే ముగ్గు డబ్బాతో రామమందిరం ముందుకు వెళ్లింది. గుడి ముందు ముగ్గేసే ఆడదాన్ని ఎవరూ ఏమీ అనరు. అరుగు మీదివాళ్లు చూసీ చూడనట్టున్నారు. గళ్లు గీయడం అయ్యాక ఆమె డబ్బా పక్కన పెట్టి, బిళ్ల విసిరి, గెంతడం మొదలుపెట్టింది.

పేకాట ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏటి తవిటమ్మా, సిగ్గు నేదేటి?" అన్నాడు అప్పలసూరి.

"ఆటకి సిగ్గేటి బావా? మీరాడతన్నారు, నేనూ ఆడతన్నాను," అంది. మాటైతే అంది గానీ, రెండోసారి గీత తొక్కేసింది.

ఇంట్లో భర్త ఎల్లాజీ మాట్లాడటం మానేశాడు. అన్నం తనే వడ్డించుకుని తిన్నాడు. అది ఆమెకు అందరి నవ్వుల కన్నా ఎక్కువ బాధ కలిగించింది. అయినా మరుసటి ఆదివారం వెళ్లింది. శ్రావణి వెంట వచ్చింది. తర్వాత నలుగురయ్యారు. అత్తలు తిట్టేసరికి ఇద్దరు మానేశారు. ఒక పొద్దున చూస్తే గళ్లు గీసే చోట ఎవరో బండెడు పెంట పోసి ఉంచారు. తవిటమ్మ, శ్రావణి దాన్ని తట్టలకెత్తి తమ మొక్కజొన్న చేలో చల్లుకున్నారు. "ఎరువు ఉత్తినే వచ్చినాది," అని తవిటమ్మ అరుగుకు వినబడేలా అంది. ఆ రోజు అరుగు మీదున్న ఎల్లాజీకి నవ్వొచ్చింది. ఇంటికొచ్చి, "కూర ఏటి?" అని అడిగాడు.

అసలు మలుపు అప్పలసూరి భార్య దుర్గ వల్ల వచ్చింది. ఆమె ప్రతి ఆదివారం తన గుమ్మంలోంచి ఆట చూసేది. ఒకనాడు దిగి వచ్చి, "ఇలాగిచ్చెయ్, నీకు ఇసరడం రాదు," అని బిళ్ల తీసుకుంది. కన్నవారింట ఆ ఆటలో తనే మొనగత్తెనని అప్పుడే చెప్పింది. నిజంగానే వరసగా గళ్లన్నీ గెలుచుకుంటూ పోయింది. అరుగంతా నోరు తెరుచుకుని చూసింది. చివరి గడిలో ఆమె మడమ కాస్త పక్కకు పడింది.

"గీత తొక్కినాది! అవుటు!" అని అప్పలసూరి లేచి నిలబడ్డాడు.

"తొక్కనేదు!" అంది దుర్గ. ముప్పై ఏళ్ల కాపురంలో నలుగురి ముందు ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

తొక్కిందని కొందరు, లేదని కొందరు. మగవాళ్లు అరుగు దిగి వచ్చి, వంగి ముగ్గుగీత పరీక్షించారు. ఆడవాళ్లు వాళ్లతో గొంతెత్తి వాదించారు. చివరికి దుర్గ మళ్లీ ఆడేలా తీర్పు చెప్పింది అప్పలసూరే.

ఆ తర్వాత ఆదివారాలు ఆట చూడ్డానికి మగవాళ్లే ముందుగా చేరేవారు. అంతగా వాదించినవాళ్ల ముందు సోమవారం చెప్పులు విప్పి నడవడం ఆడవాళ్లకే వింతగా తోచింది. ఒక్కొక్కరే ముందు దారిన నీళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. మొన్న గ్రామసభ రామమందిరంలో పెడితే ఆడవాళ్లు వెళ్లి ముందు వరసలో కూర్చున్నారు. వెనక సందుకు కాలువ, సిమెంటు కావాలని శ్రావణి లేచి అడిగింది. చూస్తామన్నారు. ఇంకా రాలేదు. ఇప్పటికీ కొందరు ముసలమ్మలు ఆ బురదలోంచే వెళతారు. అలవాటు పోలేదంటారు.

తవిటమ్మకు మోకాలి నొప్పులు వచ్చి గెంతడం తగ్గించింది. ఇప్పుడు మధ్యాహ్నాలు దుర్గతో కలిసి అరుగు మీద వామనగుంటలు ఆడుతోంది. పేకాటవాళ్లు ఆ చివరికి సర్దుకుని కూర్చుంటున్నారు.