మా అత్తమ్మ ఎగతాళి పాటలు

పోయిన నెల నా పెళ్లికి నలుగు పిండి అమ్మ సూపర్ మార్కెట్ నుంచి తెప్పించింది. డబ్బా విప్పగానే సెంటు వాసన గుప్పుమంది. పెసరపిండి, పసుపు, కచ్చూరాలు కలిసిన ఆ పాత వాసన మచ్చుకైనా లేదు. మా ఇళ్లలో ఆ పిండి కొట్టవలసిన మనిషి, నలుగు పెడుతూ పాట ఎత్తుకోవలసిన మనిషి మా మేనత్త సత్తెమ్మ. ఆమె ఎందుకు మానేసిందో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు.

మా ఊరు పాల్మాకులలోనే మాకు రెండు గల్లీల అవతల అత్తమ్మను ఇచ్చారు. పెళ్లయ్యాక ఆమెకు బొల్లి వచ్చింది. నాకు ఊహ తెలిసేసరికి ముఖం సగం, ముంజేతులు పూర్తిగా తెల్లబడ్డాయి. మా పక్కన ఎయిర్‌పోర్టు కొత్తగా మొదలైన రోజులవి. ఎండాకాలం వచ్చిందంటే ఊరంతా పెళ్లిళ్లే. పందిరి కింద నీళ్లు చల్లిన మట్టి వాసన, పెద్ద గంజుల్లో ఉడికే బగారన్నం ఘుమఘుమ, మల్లెపూలు, చెమట, పందిరి గుంజల చుట్టూ మేము పిల్లలం ఆడే దొంగాట, మూల మంచం మీద చుట్ట కాల్చుకుంటూ వచ్చిన ప్రతివాడినీ ఏ ఊరని ఆరా తీసే ముసలివాళ్లు, వీటన్నిటి మధ్య అత్తమ్మ గొంతు లేచేది. ఆడపెళ్లివారు మగపెళ్లివారిని పాటలతో ఆటపట్టించడం మా వైపు ఆచారం. ఆమె అప్పటికప్పుడు కట్టేది:

"వియ్యపురాలా ఓ వదినా, నీ చెయ్యెంత పొదుపమ్మ,
పిల్లికి పోసిన పాలల్ల గూడ నీళ్లు గలిపితివమ్మ."

పాట ఎవరి మీదైతే ఆ వియ్యపురాలే అందరికంటే ముందు పడీపడీ నవ్వేది. నెత్తిమీద విమానం పోతే అత్తమ్మ పాట ఆపి, "ఆగుండ్రి, వియ్యపురాలు గురక పెడుతున్నది" అనేది.

ఒక పెళ్లిలో వియ్యపురాలికి ఎత్తుపళ్లు. "పండ్ల మీద కట్టక్కా" అని మావాళ్లు ఎగేశారు.

"పండ్లు ఆమె కొనుక్కున్నదా? గవి దేవుడిచ్చినయి. పిసినారితనమైతె ఆమెనే పెంచుకున్నది, దాని మీదనే కడ్త" అంది అత్తమ్మ.

నల్లపిల్లనని బడిలో ఏడిపిస్తే నేనొకసారి తెల్లబడే క్రీము ముఖాన మందంగా మెత్తుకుని కూర్చున్నాను. ఆమె చూసి కడుపు పట్టుకుని నవ్వింది. "నన్ను జూడు బిడ్డా, పైస ఖర్చు లేకుండ సగం తెల్లగైన. ఏమొచ్చింది? ఇంటికి మనిషొస్తె నీ మొఖం వెలిగిందా లేదా, గదొక్కటి జూసుకో" అంటూ తన కొంగుతోనే నా ముఖం తుడిచింది.

అక్క రజిత పెళ్లినాటికి మా టమాట చేను ప్లాట్లయింది. వాకిట్లో పందిరి వేస్తే నామోషీ అనిపించే స్థితికి వచ్చాం. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఏసీ ఫంక్షన్ హాలు, వీడియో, డీజే. సంబంధం తుక్కుగూడవాళ్లది. కాబోయే వియ్యపురాలు కబురు పంపింది: శుభకార్యం కాబట్టి ఆ మచ్చలామె స్టేజి మీదా వీడియోలోనూ కనబడకూడదట. సంబంధం చెడిపోతుందని భయపడి, అత్తమ్మకు తమ్ముడైన మా బాపు నన్ను బండెక్కించుకుని అత్తమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె అక్క నలుగు కోసం కచ్చూరాలు దంచుతోంది.

"అక్కా, జర నువ్వు భోజనాల కాడ ఉండు. స్టేజి మీదికి రాకు. ఆళ్లు పరేషాన్ జేస్తున్నరు."

రోకలి ఆగింది. అంతలోనే ఆమె నవ్వేసింది. "భోజనాల కాడనా? మంచిగైంది తియ్ తమ్మీ, మటన్ల నల్లిబొక్కలన్నీ నావే."

బాపు కూడా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెళ్లినాడు డీజే మోతకు చెవులు పగిలాయి. తలంబ్రాలయ్యాక అక్క చుట్టూ చూసి, "అత్తమ్మేది? పాటలేవి?" అంది. "పనిల ఉన్నది బిడ్డా" అన్నాడు బాపు. పక్క హాలులో అత్తమ్మ పూరీల గంప పట్టుకుని బంతుల మధ్య తిరుగుతోంది. వియ్యపురాలు తినడానికి వచ్చి కూర్చుంది. "ఇగ పాట అందుకో అక్కా, కడిగి పారెయ్" అని మావాళ్లు గుసగుసలాడారు. అత్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"పాట మనిషి మీద ప్రేముంటెనే పాడాలె. లేకుంటె తిట్టయితది."

వెళ్లి వియ్యపురాలి పళ్లెంలో పూరీ వేసి, "ఇంకోటి ఎయ్యాల్నా వదినా?" అని అడిగింది. ఆవిడ ఆ పళ్లెం పక్కకు నెట్టి, వేరేది తెప్పించుకుంది. అత్తమ్మ చూసింది. మేమందరం చూశాం. చూసి మళ్లీ వడ్డనలో పడ్డాం. ఆ తర్వాత ఆమె ఏ పెళ్లిలోనూ పాడలేదు.

నా పెళ్లికి అత్తమ్మను నేనే స్టేజి మీద ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. కిరాయికి తెచ్చిన యాంకర్ మైకులో మా ఆయన పొట్ట మీద, మా ఆడబిడ్డ రంగు మీద జోకులేస్తే హాలంతా విరగబడి నవ్వింది. ఆ పిల్ల తల వంచుకుంది. బాపుకేం తోచిందో, మైకు లాక్కుని అత్తమ్మ దగ్గరికి తెచ్చాడు.

"అక్కా, ఒక్క పాట పాడు. నీ ఇష్టం, ఎవ్వరి మీదనైన సరే."

ఆమె మైకును చేత్తో పక్కకు జరిపింది.

"ఎవ్వరి మీదనైన అంటె నీ మీదనే పాడాలె తమ్మీ" అంది నవ్వుతూనే. "పెండ్లిల తిట్టు వద్దులే."

బాపు మైకు తీసుకెళ్లి యాంకర్ చేతికి ఇచ్చేశాడు. డీజే మళ్లీ మొదలైంది. ఆ పాటలు వచ్చిన మనిషి మా ఊళ్లో ఇప్పుడు ఆమె ఒక్కతే మిగిలింది. ఆమె పాడదు.